మంచం మడవని ఇల్లు

మా ఇంట్లో చింతపండుకు గదులుండేవి, అత్తకు ఉండేది కాదు. ఇప్పుడు రాస్తుంటే ఈ మాట ఘోరంగా కనిపిస్తోంది గానీ, పుంగనూరులో ఆ ఇంట్లో పెరిగేటప్పుడు అది నాకు చాలా మామూలు సంగతి. మాది చింతపండు వ్యాపారం. మాఘమాసం వచ్చిందంటే పెద్దపంజాణి వైపు నుంచీ, రామసముద్రం వైపు నుంచీ బండ్లలో, ట్రాక్టర్లలో కాయ దిగేది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయ కొట్టి, గింజ తీసి, పండును ఈత చాపల్లో చుట్టేవాళ్ళు. కొత్త పండు ఎర్రగా నిగనిగలాడుతుంది. వేడి తగిలితే నల్లబడుతుంది, నల్లబడితే ధర పడిపోతుంది. అందుకని ఇంట్లో ఏ గది చల్లగా ఉంటే ఆ గది సరుకుది. మనుషులు మిగిలిన చోట సర్దుకోవాలి.

"సరుకంటే లచ్చిమి రా. లచ్చిమిని ఎండలో పెడతామా?" అనేవాడు నాయన.

అత్త అంటే నాయనకు అక్క. కుప్పంలో కాపురానికి పోయి, కొన్నేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని, పిల్లాజెల్లా లేకుండా పుట్టింటికి తిరిగొచ్చింది. అత్తవారి వైపు నుంచి ఆమె భాగానికి వచ్చింది ఒక సందు. ఇద్దరు బావగార్లు అటొకరూ ఇటొకరూ ఇళ్ళు కట్టుకోగా రెండు గోడల మధ్య మిగిలిన జాగా అది. "దాంట్లో ఇల్లు కడితే కోళ్ళు కాపరముండాల" అని నాయన నవ్వేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అత్త కూడా నవ్వేది.

ఆమె ఆస్తి మా ఇంట్లో ఒక రేకుపెట్టె, ఒక మడత మంచం. నడిమింట్లో మంచం వేసుకుంటే, సీజను రాగానే నడిమిల్లు సరుకుకు పోయేది. వంటింటికి జరిగితే అక్కడ పొయ్యి వేడి. వసారాలోకి వస్తే బేరగాళ్ళు. "అక్కా, కొంచెం లెయ్" అని నాయన రోజుకెన్నిసార్లు అనేవాడో ఆయనకే తెలియదు. కసురుకుని కాదు, మంచిగానే అనేవాడు. కానీ అనేవాడు. పోనుపోనూ ఆయన అనకముందే ఆమె లేవడం మొదలుపెట్టింది. గడపలో ఎవరి నీడ పడినా లేచి నిలబడి మంచం మడిచేసేది. పిల్లి లోపలికొచ్చినా సగం లేచి, పిల్లే కదా అని మళ్ళీ కూర్చునేది. నోరు మాత్రం ఎప్పుడూ మడుచుకోలేదు. ఆమె మాటంటే వీధిలో సగం మందికి దడ.

నేను డిప్లమా చదివి మదనపల్లెలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరాను. తొంభైలు అయిపోతున్న రోజులు. టమాటాలో ఒక్క సీజను కలిసొచ్చిన ప్రతి మనిషికీ ఒక మేడ కావాలి. మేడకు ముందర ఆర్చి కావాలి. ఆర్చి మీద కలశం కావాలి. ఇంట్లో మనుషులు ఎక్కడ పడుకుంటారయ్యా అంటే, "అవన్నీ మీరే సూసుకోండి సార్, ఆర్చి మాత్రం పక్కింటోళ్ళకన్నా ఎత్తుండాల" అనేవాళ్ళు. నేను గీసిన ఆర్చిలన్నీ వరసగా నిలబెడితే మదనపల్లె నుంచి పుంగనూరు దాకా నీడలో నడిచిపోవచ్చు. అవి గీసీ గీసీ నాకు ఇల్లంటేనే చిరాకు పుట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్లెక్కి అత్త వచ్చింది. నా చేతిలో పెన్సిలు జారిపోయింది. ఒంటరిగా వీధి చివరి అంగడికి కూడా పోని మనిషి, బస్సెక్కి, టమాటా మార్కెట్టు రద్దీ దాటుకుని, నేను ఏ మేడ మీద పనిచేస్తున్నానో అడుక్కుంటూ వచ్చింది. ఎవరో పోయారని చెప్పడానికే వచ్చిందనుకున్నాను.

"ఏమత్తా, ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలేదు. ముందు గాలి ఆడేదాడ కూర్చోబెట్టు." మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని అంది: "నాకొక ఇల్లు గియ్యప్పా."

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వేది అయిపోయినంక చెప్పు. అంతదాకా కూర్చోనుంటా."

నవ్వు ఆగిపోయింది. ఎలాంటి ఇల్లు కావాలని అడిగాను. ఈ మాటలు ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుందో గానీ, తడుముకోకుండా చెప్పింది. "చిన్నది. నేనొక్కదాన్నే. ఎవురూ వచ్చి లెయ్ అనకుండా ఉండేది. మళ్ళా అది ఒక్కచోటే నాటుకొని ఉండకూడదు. విప్పి ఎత్తుకొని పోయేట్టు ఉండాల."

"విప్పేదానికి అదేమన్నా సర్కస్ డేరానా అత్తా?"

"డేరా గాలికి ఎగిరిపోతాది. నాకు ఎగిరిపోయేది వద్దు. నేను పొమ్మంటే పోయేది కావాల."

తర్వాత సంచిలోంచి కొబ్బరితాడు ముక్క ఒకటి తీసి నా డ్రాయింగు మీద పెట్టింది. రెండు కొసలా ముడులు వేసుంది. "అడ్డం దీనికి మించకూడదు. పొడుగు ఎంతైనా ఉండనీ." కొలిస్తే ముడికీ ముడికీ మధ్య తొమ్మిదడుగులకు కాస్త తక్కువ. ఇంత ఇరుకేంది, మన పెరట్లో బోలెడు జాగా ఉంది కదా, పన్నెండడుగులు పెట్టుకుందాం అని మొత్తుకున్నాను. "నాకు చాలప్పా" అని ఒక్క ముక్కతో కొట్టిపారేసింది. ముసలాళ్ళ పట్టుదలలెమ్మని నేనూ వదిలేశాను. చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అన్నారా!

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నాకు నిద్ర లేకుండా చేసింది. ఆర్చిలు గీసే చేతికి మొదటిసారి పని దొరికింది. ఇనుప యాంగిళ్ళతో చట్రం. చట్రంలో బిగించే చెక్క పలకలే గోడలు. కిటికీ ఉన్న పలక, తలుపున్న పలక, ఒట్టి పలక, అన్నీ ఒకే కొలత, కాబట్టి దేన్నైనా ఎక్కడైనా బిగించొచ్చు. ఎండాకాలం పడమటి కిటికీ తీసేసి అక్కడ ఒట్టి పలక పెట్టుకోవచ్చు. చలికాలం కిటికీని తూర్పుకు మార్చుకోవచ్చు. పలక బరువు ఇద్దరు మనుషులు మోయగలిగినంత. పైన రేకులు, రేకుల కింద జానెడు సందు వదిలి ఈత చాప, వేడి దిగకుండా. లోపల అటూ ఇటూ జరిగే ఒక అడ్డగోడ, పగలు ముందుకు తోస్తే లోపలి గది పెద్దది, ఎవరైనా వస్తే వెనక్కి తోస్తే ముందుగది పెద్దది. కూర్చునే బల్ల మూత లేపితే బియ్యం డబ్బా, ఉప్పూ పప్పూ. ఇక నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది మంచం. పగలు పైకి లేపితే గోడలో కలిసిపోతుంది, రాత్రి దించితే మంచం. అత్త చూసి మురిసిపోతుందనుకున్నాను.

పుంగనూరులో వసారాలో కూర్చోబెట్టి కాగితం పరిచి అన్నీ వివరించాను. మంచం దగ్గరికి రాగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఇదేంది?"

"మడిచే మంచం అత్తా. చోటు కలిసొస్తాది."

కాగితాన్ని నా ఒళ్ళోకి విసిరేసింది. "నా జన్మంతా మడుస్తానే ఉండాను కదరా! ఇల్లు మడిస్తే మడువు, గోడలు పీకితే పీకు. మంచం మాత్రం మడవద్దు. నాలుగు కాళ్ళూ నేలకు బిగించు. దాన్ని ఇంక ఎవురూ ఎత్తకూడదు."

బిత్తరపోయాను. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. గోడలన్నీ కదిలే ఇంట్లో మంచం ఒక్కటి కదలకుండా ఉండాలి, దాని చుట్టూ ఇల్లు మారాలి. ఆ మాట మీద మొత్తం డిజైను మళ్ళీ గీశాను. పడుకునే చోటును ముందు నిలబెట్టి తక్కినవన్నీ తర్వాత ఆలోచించడం ఏ పుస్తకంలోనూ నాకు చెప్పలేదు. రెండోసారి చూపించినప్పుడు ఇంకొక తప్పు పట్టింది. గడప ఏదీ అని. సులువుగా ఉంటుందని గడప వదిలేశానన్నాను. "గడప లేకుంటే అది ఇల్లు కాదప్పా, గోడౌను" అంది. గడప కూడా వచ్చింది.

నాయనకు చెప్పినప్పుడు ఆయన గుడ్లు తేలేశాడు. "ఇంట్లో చోటు లేకనా అక్కా? ఊరేమంటాది? అక్కను బయట పెట్టినాడంటారు కదా నన్ను!"

"ఊరేమన్నా నాకు మంచమేసిందా? పెరట్లోనే కదరా ఉంటాను. గమ్మునుండు" అంది అత్త. దానికి కావాల్సిందంతా పెట్టె అడుగున దాచుకున్న గాజులు అమ్మి తనే చూసుకుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు గానీ, ఈ ఇల్లు కట్టలేదు, బిగించాం. పుంగనూరు వెల్డింగు షాపులో చట్రం తయారైంది. వానలు తగ్గాక పెరట్లో బండలు పరిచి, దాని మీద నిలబెడుతుంటే వీధంతా గోడెక్కి చూసింది. సాయంత్రానికి ఇల్లయిపోయింది. "పొద్దున ల్యాకపాయె, మాపటికి ఇల్లు ఉండాది. ఇదేం మాయరా నాయనా" అని పక్కింటి ముసలాయన గడ్డం పట్టుకున్నాడు. అత్త పాలు పొంగించి, అందరికీ పంచి, తలుపు వేసుకుంది.

మర్నాడు ఎండ బాగా పైకొచ్చింది. అత్త తలుపు తెరవలేదు. మా ఇంట్లో కోడికన్నా ముందు లేచే మనిషి ఆమె. అమ్మ పరిగెత్తి పోయి తలుపు దబదబా బాదింది. నేనూ వెనకే పరిగెత్తాను. ఇంత ముచ్చటపడి కట్టించుకుని మొదటి రాత్రికే పోయిందా అనుకున్నాను. తలుపు తెరుచుకుంది. అత్త చెదిరిన జుట్టుతో, ముఖం నిండా నిద్రతో నిలబడి ఉంది.

"ఏందే? ఇల్లు తగలబడిందా?"

నిద్రపోయిందంతే. ఇన్నేళ్ళలో ఆమె కడుపునిండా నిద్రపోవడం మేమెవరం చూడలేదు కాబట్టి గుర్తుపట్టలేకపోయాం.

ఆ నాలుగైదు నెలలూ నేను సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ ఇల్లు కొత్తగా కనిపించేది. ఒకసారి తలుపు ఉత్తరానికి వచ్చింది. ఇంకోసారి నా అడ్డగోడ వసారాకు నీడపలక అయిపోయింది. "నా డిజైను అత్తా అది!" అని లబలబలాడితే, "డిజైను నీదే, ఇల్లు నాది" అనేది. కాయ దించే మనుషులకు టీ పోసి పలకలు మార్పించుకునేది. మంచం మాత్రం మొదటి రోజు ఎక్కడ బిగించామో అక్కడే ఉంది. దాని మీద కూర్చునే వచ్చినవాళ్ళతో మాట్లాడేది. అలవాటు కొద్దీ ఒక్కోసారి లేవబోయి, గుర్తొచ్చి, మళ్ళీ కూర్చునేది. అలా కూర్చున్నప్పుడు చిన్నపిల్లలా నవ్వుకునేది.

ఇల్లలకగానే పండగ కాదు. మాఘం వెళ్ళాక వీధిలోని ఆడవాళ్ళందరితో కలిసి అత్త కాశీయాత్రకు పోయింది. ఆ ఏడు కాయ విరగ్గాసింది. యాత్ర ముగించుకుని ఆమె తిరిగొచ్చిన రోజు ఆదివారం. నేనే బస్టాండుకు పోయి తీసుకొచ్చాను. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో మూతి బిగించిన గంగచెంబు. ఆ చెంబును తన ఇంట్లో ఏ మూల పెట్టుకోవాలో దారిపొడుగునా చెబుతూనే ఉంది. మంచానికి తలవైపున, తూర్పు పలకకు చిన్న అర బిగించమంది. సరేనన్నాను.

పెరట్లోకి అడుగుపెట్టాక ఇద్దరం ఆగిపోయాం. అత్త ఇంటికి ఒకవైపు గోడ లేదు. మూడు పలకలు విప్పి కింద పడుకోబెట్టి ఉన్నాయి. గోడ ఉండాల్సిన చోట చింతపండు. నేల నుంచి ఈత చాప పైకప్పు దాకా, కట్ట మీద కట్ట. పులుపు వాసన కళ్ళలోకి కొట్టింది. నేను గీసిన ఇల్లు, మనిషి కోసం కొలత కొలతకూ ఆలోచించిన ఇల్లు, చక్కగా గోడౌనులా పనికొచ్చింది. అందులోని గొప్పతనమంతా సరుకు దించుకోవడానికి ఎంతో వీలుగా ఉంది.

నాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన ముఖంలో తప్పు చేసినట్టు ఏ మూలా లేదు. ఆ సంగతే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నా భుజం తట్టాడు కూడా. "బో కట్టినావు రా ఇల్లు! గోడ విప్పి బండి నేరుగా ఆనించేస్తిమి. గాలి ఆడతాది, సల్లంగుండాది. పండు రంగు చెక్కుచెదరలే సూడు. అక్కా, నువ్వు ఊర్లో లేవు కదా, ఊరికే ఖాళీగుండాది కదా అని. నెల దినాలే."

అత్త చెంబు పట్టుకుని అలాగే నిలబడి అడిగింది: "మంచం కూడానా?"

"మంచం మీదా, మంచం కిందా కూడా పట్టింది అక్కా. బో చోటుండాది దాంట్లో!"

ఆమె ప్రశ్న ఆయనకు అర్థమే కాలేదు. సరుకు ఎంత పట్టిందని అడిగిందనుకున్నాడు. చింతపండు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి పెరిగినవాడికి కప్పు ఉండి, ఖాళీగా, చల్లగా ఉన్న చోటు కనిపిస్తే కళ్ళకు ఇంకేమీ కనిపించదు. కోపంతో నేను అరిచాను. అమ్మ వంటింట్లోంచి, "నేను వద్దే వద్దన్నాను" అని ఏడ్చింది. అత్త అరుస్తుందని ఎదురుచూశాను. ఆమె నోరు తెరవలేదు. వసారాలోకి నడిచి, గోడకు ఆనించిన పాత మడత మంచం పరుచుకుని, చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఎవరో బేరగాడు వచ్చాడు. ఎవరూ లెయ్ అనలేదు. ఆమే లేచింది. లేచి, మంచం మడిచింది.

ఉగాది దాటాక సరుకు అమ్ముడైపోయింది. ఆ ఇల్లు కడిగినా కడిగినా పులుపు వాసన పోలేదు. రసం కారి బోల్టులన్నీ తుప్పు పట్టాయి. కొత్తవి తెచ్చి, ఒక్కొక్కటీ విప్పి, గ్రీసు పూసి మళ్ళీ బిగించాను. అత్త బోల్టుల డబ్బా పట్టుకుని నా వెనకే తిరిగింది. ఏది ముందు విప్పాలి, రేకులు ముందా పలకలు ముందా, చట్రం ఎక్కడ రెండు ముక్కలవుతుంది, అన్నీ అడిగింది. మంచం కాళ్ళ బోల్టులకు తనే గ్రీసు పూసింది. ఇంటి మీద మమకారం కాబోలు, పరవాలేదు మనసు కుదుటపడిందని సంతోషపడ్డాను. ఎంత ఓపిగ్గా చెప్పానో!

వైశాఖంలో రామసముద్రంలో మా చుట్టాలింట్లో పెళ్ళి. అందరం పోయాం. అత్త మాత్రం మోకాళ్ళు నొప్పులని ఆగిపోయింది. రెండ్రోజులు పెళ్ళి చూసుకుని, మూడోనాటి పొద్దున బస్సు దిగి ఇంటికొచ్చాం. ముందుగా పెరట్లోకి పోయింది అమ్మ. ఆమె కేక వినిపించి నేనూ నాయనా ఒకేసారి పరిగెత్తాం.

ఇల్లు లేదు.

ఇల్లు ఖాళీ అని కాదు, ఇల్లే లేదు. పరిచిన బండలు అలాగే ఉన్నాయి. శుభ్రంగా ఊడ్చి కూడా ఉన్నాయి. నాలుగు మూలలా చట్రం ఆనిన గుర్తులున్నాయి. వాటి మధ్యలోంచి వెనకనున్న కానుగ చెట్టు పూర్తిగా కనిపిస్తోంది. దాన్ని ఇటువైపు నుంచి చూసి ఎన్నో నెలలైంది. నా తలకాయ పనిచేయడం మానేసింది. పిచ్చివాడిలా ఆ బండల మీదకెక్కి, తలుపున్న చోటు నుంచే లోపలికి అడుగుపెట్టాను.

నాయన బావి వైపు పరిగెత్తాడు. అంచు పట్టుకుని లోపలికి వంగి, "అక్కా! అక్కా!" అని అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అక్క అంటే ఆయనకు ఇంత ప్రాణమని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకూ తెలిసుండదు. ఇల్లు విప్పి ఎత్తుకుపోయి ఎవరూ బావిలో దూకరని ఆయనకు చెప్పడానికి నాకు కాసేపు పట్టింది.

పక్కింటి ముసలాయన గోడ మీంచి చెప్పాడు. "మొన్న లారీ వచ్చిందప్పా. వెల్డింగు షాపోళ్ళు వచ్చి విప్పినారు. మీరే పంపించినారనుకొంటిమి. లారీ పలమనేరు రోడ్డు పట్టింది. మీ అక్క ముందర డ్రైవరు పక్కన కూర్చోనుండాది, చెంబు ఒళ్ళో పెట్టుకొని."

"కుప్పం" అని నాయన బండల మీద కూలబడ్డాడు. కాస్త తేరుకున్నాక భయం పోయి కోపం వచ్చింది. "ఒక మాట చెప్పి పోకూడదా? నేనేమన్నా కాదంటినా?" అని ఎగిరాడు.

అమ్మ ఆ ఇంట్లో గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కరోజే. "మనం నింపేటప్పుడు ఆమెకు చెప్పినామా?"

నాయన అప్పుడే బయలుదేరుతామంటే అమ్మ ఆపి, లోపలి నుంచి బుట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆ ఏడు కొత్త చింతపండులో ఏరి దాచిన మొదటి రకం. "అక్క ఇంటికి ఒట్టి చేతుల్తో పోతారా ఎవురైనా?" అంది. అక్క ఇల్లు అనే మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా రాలేదు. ఆడపడుచు ఇంటికి ఏదో ఒకటి పట్టుకుపోవడం అందరూ చేసే పనే గానీ, అత్త పుట్టింటికి వచ్చేశాక, అరవై ఏళ్ళు వచ్చేదాకా మా నాయనకు పట్టుకుపోవడానికి అక్క ఇల్లంటూ లేదు.

బస్సులో కుప్పం దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. "అంతా నీ వల్లే రా. సిమెంటుతో కట్టింటే యాడికి పోయుండేది?" ఆయన మాటలో నిజముంది. ఆ నిజం ఆయనకు ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు.

రైలుకట్టకు ఇవతల, రాయి కోసే మిల్లులు దాటాక అత్త మెట్టినింటి వీధి. బావగార్ల రెండు పాత ఇళ్ళ మధ్య ఆ సందు. సందులో అత్త ఇల్లు. అటు గోడకూ ఇటు గోడకూ అరచెయ్యి దూరే సందు మాత్రం మిగిలింది. అంత సరిగ్గా సరిపోయింది. నేను వీధి మధ్యలో నిలబడిపోయాను. వెనక నుంచి ఆటో హారన్ కొడుతున్నా కదలలేకపోయాను. నా కళ్ళ ముందు కొబ్బరితాడు ముక్క, రెండు కొసలా రెండు ముడులు. పన్నెండడుగులు పెట్టుకుందామని మొత్తుకున్నది నేనే. పెట్టుంటే ఇది ఈ సందులో దూరేది కాదు.

పక్కలకు గోడలే కాబట్టి కిటికీ పలకలన్నీ ముందుకూ వెనక్కూ తెచ్చుకుంది. గాలి ఈ కొస నుంచి ఆ కొసకు పోతోంది. కింద మిల్లువాళ్ళు పారేసే అంచు విరిగిన నల్లరాయి ముక్కలు పరిపించింది. తలుపు తెరిచే ఉంది. ద్వారం కాస్త ఎత్తు తక్కువ, అది నా లెక్క తప్పే. వంగి లోపలికి పోయాను. అత్త మంచం మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. తలవైపున గంగచెంబు.

నా నీడ గడపలో పడింది. ఆమె లేస్తుందని నా ఒళ్ళు ఎదురుచూసింది. చిన్నప్పటి అలవాటు కదా, నాకు తెలియకుండానే పక్కకు తప్పుకున్నాను, ఆమె మంచం మడవడానికి చోటిస్తూ. ఆమె లేవలేదు.

"కూర్చో అప్పా. తాడు గుర్తుండాదా?"

"అంటే మొదట్నుంచీ ఇక్కడికేనా అత్తా?"

"కాదు. మొదట్నుంచీ ఆడ ఉండాలనే. మీ నాయన ఉండనిస్తే ఆ పెరట్లోనే పోతాననుకొంటి." వెల్లుల్లి రెబ్బ గిన్నెలో వేసింది. "ఉండనీకుంటే పోయేదానికి ఒక తావుండాల గదప్పా మనిషికి. అందుకే ఈ కొలత."

నాకు ఏడుపొచ్చింది. ఆ పెరట్లో పాలు పొంగించిన రోజున కూడా ఆమెకు మా మీద పూర్తి నమ్మకం లేదు. అయినా ఒక అవకాశం ఇచ్చింది. మేం దాన్ని కప్పు దాకా చింతపండుతో నింపాం.

నాయన ఇంకా బయటే ఉన్నాడు. బస్సులో అన్నేసి మాటలన్న మనిషి, గడప ముందు బుట్ట పట్టుకుని నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక చూస్తున్నాడు. బుట్ట కొంచెం ముందుకు చాపాడు.

"కొత్త పండు అక్కా. మొదటి రకం. నీకని తెస్తి."

అత్త ఆ బుట్టను చూసింది. తర్వాత ఆయన ముఖాన్ని చూసింది.

"సరుకు గడప బయట పెట్టు. దానికి ఈడ చోటు లేదు," అంది. "నువ్వు లోపలికి రారా. నీకుండాది."

నాయన బుట్టను బయట దించి, చెప్పులు విడిచి, ద్వారం తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చి, నా పక్కన నల్లరాతి నేల మీద కూర్చున్నాడు. అత్త మంచం మీంచి లేవలేదు.